వస్వాస్ జబ్బు ఎన్ని రూపాల్లో వస్తుంది?



దివ్యఖుర్ఆన్‌లోని చిట్టచివరి సూరా అన్నాస్. మన ఇళ్ళల్లో పిల్లలకు మాటలు సరిగ్గా తిరగకముందే ఈ సూరా కంఠస్థం చేయిస్తాం. మనుషుల హృదయాల్లో గుసగుసలాడి వెనక్కి తగ్గిపోయే దుష్ప్రేరకుని కీడు నుంచి ప్రభువు శరణు వేడుకోవడం అందులోని విషయం. ఆ గుసగుసకే అరబీలో వస్వాస్ అని పేరు. ఈ మాట ఖుర్ఆన్ నుంచి మన ఇంటి భాషలోకి కూడా వచ్చేసింది. గంటల తరబడి చేతులు కడుక్కునే కోడలిని చూసి "దానికి వస్వాస్ పట్టుకుంది" అంటారు అత్తగారు. నమాజులో పదిసార్లు తక్బీర్ చెప్పే కుర్రవాణ్ణి చూసి "వహమ్ మనిషి" అని నవ్వుతారు స్నేహితులు.

అయితే ఈ ఒక్క మాట కింద రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది, ప్రతి మనిషికీ వచ్చిపోయే ఆలోచన. నమాజులో నిలబడగానే అంగడి లెక్కలు గుర్తుకురావడం, తాళం వేశానా లేదా అని ఒకసారి వెనక్కి చూడటం లాంటివి. దీనికి వైద్యం అక్కర్లేదు. రెండవది జబ్బు. వైద్యులు దీన్ని అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అంటారు, క్లుప్తంగా ఓసీడీ. అక్కర్లేని ఆలోచన ఒకటి బలవంతంగా మనసులో దూరుతుంది, ఎంత తోసినా పోదు, గుండె దడదడలాడిస్తుంది. ఆ భయం తగ్గడానికి మనిషి ఏదో ఒక పని చేస్తాడు: కడుగుతాడు, తిరిగి చూస్తాడు, మళ్ళీ చదువుతాడు, ఎవరినైనా అడుగుతాడు. కాసేపు ఊరట లభిస్తుంది. తర్వాత ఆ ఆలోచనే మరింత బలంగా తిరిగొస్తుంది. గజ్జిని గోకినట్టే ఇది. గోకినంతసేపు హాయి, ఆ తర్వాత మంట. రోజుకు గంటకు పైగా సమయం దీనికే పోతుంటే, లేక దీనివల్ల చదువు, కాపురం, ఆరాధన దెబ్బతింటుంటే అది అలవాటూ కాదు, స్వభావమూ కాదు. చికిత్స చేయించాల్సిన జబ్బు. ఎక్కువగా చిన్న వయసులోనో, పదహారు నుంచి పాతికేళ్ళ మధ్యనో మొదలవుతుంది. నూటికి ఒకరిద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అంటే జుమా నమాజుకు అయిదు వందల మంది చేరే మస్జిద్‌లో ఈ బాధ తెలిసినవారు కొందరైనా ఉంటారు.

మనకు బాగా కనిపించే రూపం కడగటం. ఫజర్ అజాన్ అవుతుంది, జమాఅత్ ముగుస్తుంది, సూర్యోదయం కూడా అయిపోతుంది. ఇంటి అమ్మాయి ఇంకా గుసుల్‌ఖానాలోనే ఉంటుంది. మోచేయి దగ్గర కాస్త తడవలేదేమోనని మళ్ళీ మొదటి నుంచి వుజూ చేస్తుంటుంది. లేక నేలమీద పడిన నీటి చుక్క ఎగిరి షల్వార్‌కు తగిలిందేమో, అది నాపాక్ అయిందేమోనని బట్టలన్నీ తడుపుతుంటుంది. బయట తల్లి తలుపు కొడుతుంటుంది. కొన్ని ఇళ్ళల్లో ఇది ఒక్కరితో ఆగదు. బయటి నుంచి వచ్చిన ప్రతివారూ గుమ్మం దగ్గరే బట్టలు మార్చుకోవాలి, ఫలానా కుర్చీలో కూర్చోకూడదు, ఫలానా తువ్వాలు ముట్టుకోకూడదు. ఇంటిల్లిపాదీ జబ్బు చెప్పిన చట్టం ప్రకారం నడుస్తుంటారు.

చూసేవాళ్ళు "మా అమ్మాయికి పరిశుభ్రత పట్టింపు ఎక్కువ, దైవభీతి ఎక్కువ" అనుకుని మురిసిపోతారు. కానీ మహాప్రవక్త (స) వుజూ ఎలా ఉండేది? హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ప్రకారం ఆయన ఒక ముద్ నీటితో వుజూ, ఒక సా నుంచి అయిదు ముద్‌ల నీటితో గుస్ల్ ముగించేవారు (బుఖారీ, ముస్లిం). ముద్ అంటే ఒక దోసిలి నిండా పట్టేంత, ఇప్పటి కొలతలో ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా. మనం ట్యాప్ తిప్పి పళ్ళు తోముకునేలోపు అంతకన్నా ఎక్కువ నీళ్ళు పోతాయి. ఒక పల్లెవాసి వచ్చి వుజూ గురించి అడిగితే మహాప్రవక్త (స) ప్రతి అవయవాన్నీ మూడేసిసార్లు కడిగి చూపించి, అంతకు మించినవాడు తప్పు చేశాడని, హద్దు మీరాడని తెలిపారు (అబూదావూద్, నసాయీ). నాలుగోసారి కడగటం ఎక్కువ పుణ్యం కాదన్నమాట.

హజ్రత్ ఉమర్ (రజి) ప్రయాణంలో జరిగిన ఒక సంఘటన ముఅత్తాలో ఉంది. దారిలో ఒక నీటి మడుగు దగ్గర ఆగారు. వెంట ఉన్న హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ఆ మడుగు యజమానిని, ఇక్కడికి క్రూరమృగాలు నీళ్ళు తాగడానికి వస్తాయా అని అడిగారు. వెంటనే హజ్రత్ ఉమర్ (రజి) ఆ యజమానితో, మాకు ఆ సంగతి చెప్పొద్దు అన్నారు. ఎంత లోతైన మాట! తెలియని అపరిశుభ్రత కోసం తవ్వి తీయమని మనల్ని ఎవరూ అడగలేదు.

రెండో రూపం తిరిగి తిరిగి చూసుకోవడం. గ్యాస్ కట్టేశానా, గడియ పెట్టానా అని అర్ధరాత్రి ఇరవైసార్లు లేచేవారున్నారు. స్కూటర్ మీద పోతూ గుంటలో కుదుపు వస్తే ఎవరినో గుద్దేశానేమోనని అదే రోడ్డు మీద మళ్ళీ మళ్ళీ తిరిగేవారున్నారు. ఇదే జబ్బు నమాజులో చేరితే రకాతుల లెక్క అవుతుంది. ఇమామ్ రుకూలోకి పోయినా, వెనక నిలబడినవాడు నియ్యత్ కుదరలేదని ఇంకా చేతులెత్తి దించుతుంటాడు. నియ్యత్ అంటే హృదయంలోని సంకల్పం. నమాజు కోసం లేచి, వుజూ చేసి, సఫ్‌లో నిలబడ్డ మనిషికి ఆ సంకల్పం లేకపోవడం ఎలా సాధ్యం? ఫాతిహాలో 'వలద్దాల్లీన్' దగ్గర ఆగిపోయి, ఉచ్చారణ సరిగ్గా పడలేదని గొంతు బొంగురుపోయే దాకా ఒకే అక్షరం పలికేవారినీ చాలామంది ఇమామ్‌లు చూసే ఉంటారు.

వుజూ పోయిందేమోననే అనుమానం కూడా ఈ కోవలోదే. దానికి ప్రవక్త (స) చెప్పిన పరిష్కారం సూటిగా ఉంది: శబ్దం వినపడేదాకా, లేదా వాసన తెలిసేదాకా నమాజు వదిలి పోకూడదు (బుఖారీ, ముస్లిం). మన ఫిఖ్‌హా పండితులు దీనిమీదనే, నిశ్చయం అనుమానంతో తొలగిపోదనే గొప్ప సూత్రాన్ని నిలబెట్టారు. వుజూ చేసింది నిశ్చయం, పోయిందన్నది అనుమానం.

ఇక అన్నిటికన్నా బాధాకరమైన రూపం బయటికి కనిపించనిది. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే దీన్ని మనసులో దాచుకుని కుమిలిపోతున్నవారు ఈ పుట చదువుతూ ఉండవచ్చు.

ఐదు పూటలా నమాజు చేసే మనిషికి, సరిగ్గా సజ్దాలో ఉండగా, అల్లాహ్ గురించి నోటితో చెప్పలేని మాట ఒకటి మనసులోకి దూసుకొస్తుంది. లేదా ఖుర్ఆన్ చేతిలోకి తీసుకోగానే అవమానకరమైన దృశ్యం కళ్ళముందు మెదులుతుంది. మనిషి వణికిపోతాడు. "నేను కాఫిర్ అయిపోయానా? నా నికాహ్ చెల్లుతుందా?" అని కుళ్ళిపోతాడు. రహస్యంగా వందసార్లు కలిమా చదువుతాడు. ఆ వందలో ఒకటి మనస్ఫూర్తిగా రాలేదని మళ్ళీ మొదలెడతాడు. చివరికి, ఆ ఆలోచన నమాజులోనే వస్తోంది కాబట్టి నమాజే మానేస్తాడు. ఖుర్ఆన్ పెట్టిన అల్మరా వైపు చూడటం మానేస్తాడు. ఇంట్లోవాళ్ళు "వీడికి దీన్ మీద మనసు పోయింది" అని తిడతారు. నిజానికి దీన్ మీద ప్రాణం పెట్టుకున్నాడు కాబట్టే ఇంత నరకం పడుతున్నాడు.

సహాబాలలో కొందరు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, నోట పలకడానికే భయమేసే విషయాలు తమ మనసుల్లో కలుగుతున్నాయని మొరపెట్టుకున్నారు. ఆయన వారిని గద్దించలేదు, తౌబా చేయమని కూడా చెప్పలేదు. నిజంగా అలా అనిపిస్తోందా అని అడిగి, అది స్పష్టమైన విశ్వాసానికి గుర్తు అని చెప్పారు (ముస్లిం). ఆ ఆలోచన విశ్వాసం అని కాదు, దాన్ని చూసి వణకడం విశ్వాసం అని పండితులు వివరించారు. మనసులో మెదిలేవాటిని మాటలో పెట్టనంతవరకు, ఆచరించనంతవరకు ఈ సముదాయానికి అల్లాహ్ మన్నించాడని మరో హదీసు (బుఖారీ, ముస్లిం). అలాంటప్పుడు మనసులో దూరిన ఆలోచనకు నికాహ్ ఎందుకు తెగుతుంది?

ఈ జాతిలోనివే మరికొన్ని ఉన్నాయి. కొత్తగా కాన్పయిన తల్లికి, పొత్తిళ్ళలోని బిడ్డను తానే ఏదో చేసేస్తానేమోనని భయంకర దృశ్యం కనిపిస్తుంది. ఆమె కత్తులు దాచేస్తుంది, బిడ్డకు స్నానం చేయించడం అత్తగారికి అప్పగిస్తుంది, కారణం ఎవరికీ చెప్పదు. ఓసీడీలో వచ్చే ఈ ఆలోచన కోరిక కాదు, కోరికకు పూర్తి విరుద్ధం. ఇలాంటివారు ఆ పని చేయరు, ఆ పని జరుగుతుందేమోనన్న భయంతోనే చచ్చిపోతుంటారు. (కాన్పు తర్వాత తల్లికి లేని మాటలు వినిపిస్తున్నా, ఆ ఆలోచన సరైనదేనని ఆమె నమ్ముతున్నా అది వేరే జబ్బు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి.) మహ్రమ్‌ల గురించి, చిన్నపిల్లల గురించి సిగ్గుపడే ఆలోచనలు బలవంతంగా దూరి హింసించడం మరొక రూపం. ఇక్కడ ఇంతకన్నా విప్పి చెప్పనక్కర్లేదు. ఆ బాధలో ఉన్నవారికి అర్థమవుతుంది. వైద్యునికి చెప్పడానికి సిగ్గుపడొద్దు, ఆయన ఇలాంటివి వింటూనే ఉంటాడు.

మగవాళ్ళను పట్టే రూపం ఒకటుంది, తలాఖ్ వస్వాస్. భార్యతో "సరే, వెళ్ళు" అన్నాడు, పుట్టింటికి వెళ్ళే బస్సు గురించే. రాత్రి పడుకున్నాక, ఆ మాటలో తలాఖ్ ఉద్దేశం ఉందా అని అనుమానం మొదలవుతుంది. పొద్దున్నే ఒక ముఫ్తీ సాబ్‌ను అడుగుతాడు. "కాలేదు, వెళ్ళు నాయనా" అంటే సాయంత్రానికి "నేను విషయం సరిగ్గా చెప్పలేదేమో" అని రెండో ముఫ్తీకి ఫోన్ చేస్తాడు. హజ్రత్ ఖతాదా (రహ్మ) మనసులోనే ఇచ్చుకున్న తలాఖ్ ఏమీ కాదని చెప్పారు, ఇమామ్ బుఖారీ తన గ్రంథంలో దాన్ని నమోదు చేశారు. ఈ సోదరునికి కావలసింది మరో ఫత్వా కాదు. ఆ అడగడమే అతని జబ్బు, చేతులు కడగటం మరొకరి జబ్బయినట్టు.

వస్తువులు సరిగ్గా వరుసలో లేకపోతే ఊపిరాడకపోవడం, కుడిచేయి తగిలితే ఎడమచేయి కూడా తాకించడం, ఫలానా అంకె వచ్చేదాకా లెక్కపెట్టడం కూడా ఓసీడీ రూపాలే. వీటితో మతానికి సంబంధం లేదు.

ఇన్ని రూపాలెందుకు? ఈ జబ్బు మనిషి దేన్ని ప్రాణంగా చూసుకుంటాడో వెతికి దాన్నే పట్టుకుంటుంది. బిడ్డ ప్రాణమైన తల్లికి బిడ్డ రూపంలో, ఈమాన్ ప్రాణమైనవానికి కుఫ్ర్ రూపంలో వస్తుంది. మడి ఆచారం పాటించే ఇంట్లో మడి రూపంలో, క్రైస్తవుల ఇంట్లో పాపపు ఒప్పుకోలు రూపంలో వస్తుంది. కైరోకు చెందిన మానసిక వైద్యులు అహ్మద్ ఉకాషా, ఆయన సహచరులు 1994లో ప్రచురించిన పరిశీలనలో ఈజిప్టు రోగులకు వచ్చే ఆలోచనల్లో మతసంబంధమైనవి, అపరిశుభ్రతకు సంబంధించినవి ముందు వరుసలో ఉన్నట్టు తేలింది. మతం ఈ జబ్బును పుట్టించలేదు, దానికి బట్టలు తొడిగిందంతే. దేవుణ్ణి నమ్మనివారికీ ఇది వస్తుంది.

మన పూర్వీకులకు ఇది కొత్త సంగతి కాదు. హిజ్రీ 322లో (క్రీ.శ. 934) మరణించిన అబూ జైద్ బల్ఖీ శరీరాల, మనసుల మేలు గురించి ఒక గ్రంథం రాశారు. అందులో కోపం, భయం, దుఃఖాల సరసన ఈ వదలని ఆలోచనలను కూడా ఒక వ్యాధిగా విడిగా చర్చించారు, ఒంటరితనం దీన్ని పెంచుతుందని హెచ్చరించారు. హంబలీ పండితులు ఇబ్నె ఖుదామా (మరణం హిజ్రీ 620) వస్వాస్ పట్టినవారి పోకడల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. షాఫియీ పండితులు ఇబ్నె హజర్ హైతమీని (మరణం హిజ్రీ 974) దీనికి మందేమిటని అడిగితే, మనసులో ఎంత తటపటాయింపు ఉన్నాసరే దాన్ని పూర్తిగా పట్టించుకోకపోవడమే అన్నారు. పట్టించుకోనివానిలో అది నిలవదని, చెవి ఒగ్గినవానిలో పెరుగుతూ పోతుందని వివరించారు.

ఈ మాటను 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ప్రచురించిన చికిత్సతో పోల్చి చూడండి. భయం పుట్టించే పరిస్థితికి రోగిని ఎదురుగా నిలబెట్టి, భయం తగ్గించుకోవడానికి అతను చేసే పనిని మాత్రం ఆపించారు. కడగకుండా కూర్చుంటే భయం మొదట పెరుగుతుంది, తర్వాత దానంతట అదే దిగిపోతుంది. ఈ రోజుకూ ఓసీడీకి ఇదే ప్రధానమైన మానసిక చికిత్స. మన దగ్గర దాన్ని పాటించడమంటే, ఉదాహరణకు, ఒకే ఒక్కసారి వుజూ చేసి, కుదరలేదనే అనుమానాన్ని అనుమానంగానే ఉంచి వెళ్ళి నమాజులో నిలబడటం. అనుమానం తీరాక నమాజు కాదు, అనుమానంతోనే నమాజు. ధర్మం అనుమతించని పనేదీ చేయమని మంచి వైద్యుడు చెప్పడు. ఏది తప్పనిసరి, ఏది కాదు అనే విషయంలో వైద్యుడు, ఆలిమ్ సాబ్ ఒకసారి మాట్లాడుకుంటే మరీ మంచిది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నీ ప్రభువును ఎవరు సృష్టించాడనేదాకా షైతాన్ ప్రశ్న తెస్తే ఏం చేయాలో చెబుతూ దైవప్రవక్త (స) రెండు మాటలు చెప్పారు: అల్లాహ్ శరణు వేడాలి, అక్కడితో ఆగిపోవాలి (బుఖారీ, ముస్లిం). మనవాళ్ళు మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తారు. ఓసీడీ ఉన్నవానికి "ఔజుబిల్లాహ్ నూరుసార్లు చదువు, లాహౌల అయిదు వందలసార్లు చదువు" అని చెబితే, ఆ చదవడం కూడా జబ్బు చేతిలో పనిముట్టు అవుతుంది. నూరు చదివానా తొంభైతొమ్మిదా అని మళ్ళీ లెక్క! ఒక్కసారి శరణు వేడి, ఆలోచనతో వాదం పెట్టుకోకుండా చేతిలో ఉన్న పనికి తిరిగి పోవడమే ఆ హదీసు నేర్పిన పద్ధతి.

ఇంట్లోవారికి ఒక మాట. "పాక్ అయ్యిందా అమ్మీ?" అని అమ్మాయి యాభయ్యోసారి అడిగినప్పుడు "అయింది బేటీ" అనడం ప్రేమగానే అనిపిస్తుంది. కానీ ఆ జవాబు జబ్బుకు అన్నం పెడుతుంది. అలాగని కసురుకోవడం, ఎగతాళి చేయడం, ట్యాప్ బలవంతంగా కట్టేయడం కూడా పనికిరాదు. "ఇది నువ్వు అడగడం లేదు, జబ్బు అడిగిస్తోంది. డాక్టర్ చెప్పినట్టు నేను జవాబివ్వను, నీ పక్కనే కూర్చుంటాను" అనగలిగితే చాలు. ఇమామ్ సాబ్‌లు కూడా ఇలాంటివారికి ఒకే ఒక్కసారి, సులువైన తీర్పు చెప్పి, ఇదే విషయం మీద మళ్ళీ అడగవద్దని ప్రేమతో ఆంక్ష పెట్టాలి. రకాతులు ఎన్నో తెలియక తికమక పడటం మాటిమాటికీ జరుగుతుంటే బలంగా తోచినదాని మీద నడుచుకోమని హనఫీ ఫిఖ్‌హా చెబుతోంది, మళ్ళీ మొదటి నుంచి చదవమనడం లేదు.

జిన్ పట్టిందని ఆమిల్‌ల చుట్టూ తిరిగి, తావీజులకు వేలు పోసి, రెండు మూడేళ్ళు పోగొట్టుకున్నాక ఆసుపత్రికి తెచ్చే కుటుంబాలు తక్కువేమీ కాదు. అల్లాహ్ మందు లేకుండా ఏ జబ్బునూ దింపలేదని ప్రవక్త (స) సెలవిచ్చారు (బుఖారీ). చికిత్స చేయించుకోమని స్వయంగా ఆదేశించారు (తిర్మిజీ). ఫ్లుయోక్సెటిన్, సెర్ట్రలిన్, ఫ్లువోక్సమిన్ వంటి మందులు దీనికి వాడతారు. ఇవి నిద్రమాత్రలు కావు, మత్తుమందులు కావు, వీటికి బానిసలు కారు. అయితే దిగులు జబ్బుకు వాడేదానికన్నా తరచు ఎక్కువ మోతాదు కావాలి, ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. రెండు వారాలు మింగి "గుణం లేదు" అని మానేయకూడదు, తగ్గింది కదా అని సొంతంగా ఆపేయకూడదు కూడా.

హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థలో, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో, పెద్ద ప్రభుత్వ బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాల్లో ఓపీ ఉంటుంది. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో ఓసీడీకే ప్రత్యేక క్లినిక్ ఉంది. అంతదూరం పోలేనివారు, ఇంట్లో చెప్పుకోలేనివారు, ఈ హింస కన్నా చావు మేలనిపిస్తున్నవారు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ. ఉచితం, రాత్రింబవళ్ళు పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

రమజాన్ నెలలో మందు ఎలా అని చాలామంది సందేహపడతారు. ఈ మందుల్లో చాలావరకు రోజుకు ఒకటి రెండుసార్లు వేసుకునేవే. సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చుకోవచ్చా అని నెల మొదలవడానికి ముందే డాక్టరును అడగండి. కుదరదని ఆయన అంటే, ఉపవాసం విషయంలో వ్యాధిగ్రస్తునికి అల్లాహ్ బఖరా సూరాలో ఇచ్చిన వెసులుబాటు మనసు జబ్బుకు కూడా వర్తిస్తుంది.